తలదెబ్బ తిన్న బిడ్డను దూరమునుండి కనిపెట్టుట

కబడ్డీ ఆడుచు ఒక బాలుడు వెల్లకిల పడి తలను నేలకు కొట్టుకొనును. రెండు నిమిషములు కూర్చుండి, మొగము కడుగుకొని, ‘ఏమీ లేదు మాస్టారూ’ అని తిరిగి బరిలోనికి పోవును. బొప్పి కూడ కట్టదు. రాత్రి తలనొప్పి యనును. తల్లి నుదుటికి ఏదో మందు రాసి పండుకొనబెట్టును. మూడవనాడు తరగతిలో నల్లబల్ల మీది అక్షరములు అలికినట్లున్నవని చెప్పును. వారము గడచినను లెక్క చేయుచు మధ్యలో మరచిపోవుచుండును, చిన్న మాటకే కోపించును, వెలుతురు చూడలేననును. ఇంటివారు దిష్టి తగిలినదందురు. బడిలో సోమరితనమందురు. ఇది దిష్టియు కాదు, సోమరితనమును కాదు. దీనికి వైద్యులు కంకషన్ అని పేరు పెట్టినారు. మన మాటలో మెదడు అదురు అనవచ్చును.

ఈ గాయమునకు ఒక విచిత్ర లక్షణము కలదు. విరిగిన ఎముక ఎక్స్‌రేలో కనిపించును. తెగిన చర్మము కంటికే కనిపించును. అదురు తిన్న మెదడు మాత్రము సామాన్యముగ ఏ చిత్రములోను కనిపింపదు. అది కనిపించునది రోజుల వరుసలోనే: నిద్రలో, చదువులో, నడకలో, కోపతాపములలో. కావున దానిని చూడగోరువాడు బిడ్డను ఒకసారి కాదు, పలుమార్లు చూడవలెను. అట్లు చూడగల వైద్యుడు వందల కిలోమీటర్ల దూరమున నున్నచో ఏమి చేయవలెను? ఈ ప్రశ్నకు కొన్ని దేశములలో ఇటీవల టెలిమెడిసిన్, అనగా దూరవైద్యము, సమాధానము చెప్పుచున్నది. ఆ సమాధానము అర్థమగుటకు రెండు చరిత్రలను తెలిసికొనవలెను. ఒకటి తలదెబ్బను గూర్చినది. రెండవది తంతి మీద నడచిన వైద్యమును గూర్చినది. ఈ రెండును చాలకాలము ఒకదాని మొగము ఒకటి చూడకయే నడచినవి.

తలదెబ్బ చరిత్ర మిక్కిలి పాతది. క్రీ.శ. 900 ప్రాంతమున పర్షియా దేశపు వైద్యుడు అల్ రాజీ, మెదడునకు గాయమై చెడుట వేరు, గాయము లేకయే దాని పని కొంతకాలము తప్పుట వేరు అని విడదీసి చెప్పినాడు. మిలాను నగరమునుండి పారిసు చేరిన లాంఫ్రాంకు అను శస్త్రవైద్యుడు 1296లో ముగించిన తన గ్రంథములో, మెదడు కదలిపోవుటచే కలుగు లక్షణములు త్వరలోనే తొలగిపోవచ్చునని వ్రాసినాడు. కాని కదలుట యనగా నేమి? కదలినదానికి గుర్తు ఎక్కడ? 1705లో అలెక్సి లిత్రె అను ఫ్రెంచి వైద్యుడు ఒక ఖైదీ కథను నివేదించినాడు. ఆ యువకుడు చెరసాల గోడకు తలను ఢీకొట్టుకొని అక్కడికక్కడనే మరణించినాడు. శవపరీక్షలో లిత్రె పుర్రెను తెరచి చూచినాడు. మరణమునకు తగినంత గాయము మెదడులో ఎక్కడను కానరాలేదు. తరువాత రెండు శతాబ్దములకు పైగా వైద్యులను ఈ చిక్కు వదలలేదు.

చిక్కును కొంత విప్పినది రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఆక్స్‌ఫర్డు నగరము. అప్పుడు సైన్యపు మోటారు సైకిళ్ల మీద వార్తలు మోయువారు చీకటి రోడ్ల మీద తరచుగ పడి తలలు పగులగొట్టుకొనుచుండిరి. హ్యూ కెయిర్న్‌స్ అను శస్త్రవైద్యుడు 1941లో వారి ప్రమాదములను లెక్కించి, తలకు శిరస్త్రాణము అవసరమని వాదించినాడు. నేటి మన హెల్మెట్టు చట్టములకు మూలము వెదకినచో ఆ వ్యాసము వద్దకు పోవలెను. అదే సంవత్సరమున, అదే నగరమున, డెనీ బ్రౌను, రిచీ రస్సెలు అనువారు మత్తుమందు ఇచ్చిన జంతువులపై ప్రయోగములు చేసి ఒక వింత విషయమును ప్రకటించినారు. తలను కదలకుండ బిగించి కొట్టిన అదురు పుట్టించుట కష్టము. తలను స్వేచ్ఛగ వదలి కొట్టిన సులభము. అనగా దోషము దెబ్బలో కంటె, దెబ్బ వలన తలకు కలుగు వేగపు మార్పులో ఎక్కువగ నున్నది.

దీనికి కారణము చెప్పినవాడు వైద్యుడు కాదు, భౌతికశాస్త్రజ్ఞుడు. ఆక్స్‌ఫర్డులోనే పనిచేయుచుండిన హోల్‌బోర్ను 1943లో ‘లాన్సెట్’ పత్రికలో తన వాదమును ప్రకటించినాడు. పుర్రెలో మెదడు ఇమిడినట్లు అచ్చులో జెలటిను పోసి, ఆ అచ్చును చటుక్కున త్రిప్పి, లోపల ఎక్కడ ఎంత వికృతి కలిగినదో ధ్రువిత కాంతితో పరిశీలించినాడు. అతని తర్కమును మన తరగతి గదిలోనే చూపవచ్చును. గుండ్రని గిన్నెలో నీరు పోసి పైన గుప్పెడు ఊక చల్లుడు. గిన్నెను చటుక్కున పావు చుట్టు త్రిప్పుడు. గిన్నె తిరుగును, నడిమి ఊక దాదాపు ఉన్నచోటనే ఉండును. ఇక నీటికి బదులు తోడుకొన్న పెరుగు తీసికొనుడు. గిన్నెను తిన్నగ ముందుకు నెట్టిన పెరుగు పెద్దగ చెదరదు. మెలిపెట్టినట్లు త్రిప్పినచో అంచు వెంట చీలును. మెదడు గుణమును ఇట్టిదే. నొక్కిన నీటివలె కుంచించుకొనదు, కాని పొర మీద పొర జారుటకు అంతగ అడ్డు చెప్పదు. కావున తిన్నని నెట్టు కంటె తిరుగుడు దానికి ఎక్కువ కీడు. గడ్డము మీద తగిలిన గ్రుద్దు తలను గిర్రున త్రిప్పును గనుకనే ముష్టియుద్ధము చేయువాడు దానికి కుప్పకూలును. పిల్లల శరీరమునకు తల పెద్దది, మెడ కండరములు బలహీనమైనవి. తల ఊగిసలాడుటను వారి మెడ పెద్దవారి మెడవలె అడ్డలేదు.

భౌతికశాస్త్రము పాఠము చెప్పువారికి ఈ కథ ఒక పండుగ. కాని హోల్‌బోర్ను చెప్పినది దెబ్బ తగిలిన క్షణమును గూర్చి మాత్రమే. బాలుడు మూడు వారముల వరకు ఎందుకు బాధపడును? దీనికి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో గిజా, హోవ్‌డా అనువారు 2001లో ఒక పొందికైన చిత్రమును ఇచ్చినారు. పొర సాగిన నాడీకణములలోనుండి పొటాషియము అయానులు బయటికి కారును. కాల్షియము అయానులు లోపలికి జొరబడును. వానిని మరల వాని వాని చోటులకు చేర్చుటకు కణము చాల శక్తిని ఖర్చుపెట్టవలెను. అందుకు గ్లూకోజు కావలెను. సరిగా అప్పుడే మెదడునకు రక్తప్రసారము తగ్గును. ఖర్చు పెరిగి రాబడి తగ్గిన సంసారమువలె మెదడు కొన్నాళ్లు బిగుతుగ గడుపును. కణములు చావవు, కాని లెక్క చేయుటకు, చదువుటకు, వెలుతురు భరించుటకు మిగులు శక్తి ఉండదు. దెబ్బకు గుర్తు శవపరీక్షలో లిత్రెకు ఎందుకు దొరకలేదో, నేటి సి.టి. స్కానునకు కూడ ఎందుకు దొరకదో దీనితో బోధపడును. స్కాను రక్తము గడ్డకట్టుటను, ఎముక చిట్లుటను చూపును. అయానుల జమాఖర్చును చూపదు.

సి.టి. స్కాను 1971లో లండనులో మొదట ఒక రోగి తలను చిత్రించినది. తలదెబ్బలలో ప్రాణము తీయు రక్తస్రావమును వెంటనే గుర్తించుటకు అంతకంటె గొప్ప సాధనము రాలేదు. ఐనను ప్రతి పిల్లవానికిని స్కాను తీయుట తగదు. అందులోని కిరణములు పెరుగు బిడ్డకు కొంత హాని చేయగలవు. 2009లో అమెరికా వైద్యులు 42,412 మంది పిల్లల తలదెబ్బలను పరిశీలించి ప్రకటించిన లెక్కలో, ప్రమాదకరమైన మెదడు గాయము నూటికి ఒక్కరిలో కూడ లేదు: 376 మందిలో మాత్రమే. శస్త్రచికిత్స కావలసివచ్చినవారు 60 మంది. స్కాను తీయబడినవారు మాత్రము నూటికి 35 మంది. ఎవరికి అవసరము, ఎవరిని ఊరక కనిపెట్టి చూచిన చాలును అని నిర్ణయించుటకు ఆ పరిశోధకులు సులభమైన సూత్రములు ఏర్పరచినారు. ‘కనిపెట్టి చూచుట’ అను మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెను.

ఎంతకాలము కనిపెట్టవలెను? కెనడాలో తొమ్మిది పిల్లల వైద్యశాలలు కలిసి, 5 మొదలు 17 ఏండ్ల వరకు వయసుగల 3,063 మందిని చేర్చుకొని, 2016లో ఫలితములు ప్రకటించినవి. నాలుగు వారములు గడచినను దాదాపు మూడవ వంతు పిల్లలకు బాధలు మిగిలియున్నవి. ఇక్కడ ఒక చిన్న విషయము: నాలుగు వారముల తరువాత ఆ పిల్లల స్థితిని తెలిసికొన్నది వారిని వైద్యశాలకు రప్పించి కాదు, టెలిఫోనులోను ఇంటర్నెట్టులోను ప్రశ్నలు పంపియే. దూరము నుండి అడిగిన ప్రశ్నలు లేనిచో ఈ మూడవ వంతు లెక్కయే మనకు తెలిసియుండదు.

కనిపెట్టక వదలినచో రెండు వైపులను గోతులు. మొదటిది తొందర. మొదటి దెబ్బ మానకముందే రెండవ దెబ్బ తగిలినచో, అది చిన్నదైనను, మెదడు ఒక్కసారిగ ఉబ్బి ప్రాణముమీదికి రావచ్చునని 1984లో సాండర్సు, హార్బా అను అమెరికా వైద్యులు హెచ్చరించినారు. ఇది అరుదు. దీని కారణమును గూర్చి శాస్త్రజ్ఞులలో భిన్నాభిప్రాయములును కలవు. కాని 2006లో వాషింగ్టను రాష్ట్రమున 13 ఏండ్ల బాలుడొకడు ఫుట్‌బాలు ఆటలో తలకు దెబ్బ తగిలిన తరువాత అదే ఆటలో మరల దిగి, మెదడులో రక్తస్రావమై, జీవితమంతయు వికలాంగుడైనాడు. ఆ బాలుని పేరిట 2009లో ఆ రాష్ట్రము లిస్టెడ్ చట్టమును చేసినది. తలదెబ్బ అనుమానము కలిగిన బాలుని వెంటనే ఆటనుండి తొలగింపవలెను. అర్హతగల వైద్యసిబ్బంది వ్రాతమూలకముగ అనుమతించినగాని తిరిగి ఆడనీయరాదు. 2014 నాటికి అమెరికాలోని 50 రాష్ట్రములలోను ఇట్టి చట్టములు వచ్చినవి. చట్టము చేయుట సులభము. ఆ వ్రాత వ్రాయగల వైద్యుడు ప్రతి పల్లెలోను ఉండుట సులభము కాదు. తలదెబ్బ చరిత్ర దూరవైద్య చరిత్రతో ముడిపడుటకు పెద్ద కారణములలో ఇది యొకటి యని నా అభిప్రాయము.

రెండవ గొయ్యి అతిజాగ్రత్త. ‘చీకటి గదిలో పండుకొనబెట్టుడు, పుస్తకము ముట్టనీయకుడు, స్నేహితులను రానీయకుడు’ అని చాలకాలము వైద్యులే చెప్పుచుండిరి. వినుటకు న్యాయముగనే ఉండును. కాని మిల్వాకీ నగరమున 11 మొదలు 22 ఏండ్ల వారిపై జరిగి 2015లో వెలువడిన పరిశోధనలో, ఐదు రోజులు పూర్తి విశ్రాంతి పుచ్చుకొన్నవారికే ఎక్కువ బాధలు నమోదైనవి. ఒకటి రెండు రోజులు విశ్రమించి మెల్లగ లేచి తిరిగినవారు వారికంటె బాగుగనుండిరి. 2019లో బఫెలో నగరపు పరిశోధకులు మరొక అడుగు వేసినారు. 103 మంది కౌమార వయస్కులను రెండు జట్లు చేసి, ఒక జట్టునకు బాధ పెరుగని మేరకు రోజునకు ఇరువది నిమిషముల తేలిక వ్యాయామమును, రెండవ జట్టునకు ఒళ్లు విరుచుకొను ఆసనములవంటివానిని నియమించినారు. మొదటి జట్టు సుమారు 13 రోజులలో కోలుకొన్నది. రెండవది 17 రోజులలో. ఆ పిల్లలు ప్రతిదినము తమ బాధలను, చేసిన వ్యాయామమును ఇంటినుండియే ఇంటర్నెట్టులో వ్రాసి పంపినారు. వ్యాయామము ఇక్కడ మందు. మందునకు మోతాదు ఉండవలెను. ఎక్కువైన తలనొప్పి తిరుగబెట్టును, తక్కువైన ఫలము లేదు. నిన్నటి స్థితిని చూచియే నేటి మోతాదును నిర్ణయింపవలెను. నెలకొకసారి వైద్యుని దర్శించుటతో ఈ పని జరుగదు.

ఇక రెండవ చరిత్ర. టెలిఫోను పుట్టిన మూడేండ్లకే, 1879లో, ‘లాన్సెట్’ పత్రికలో ఒక ముచ్చట వచ్చినది. అర్ధరాత్రి ఒక ఇంటివారు బిడ్డకు ప్రమాదకరమైన గొంతువ్యాధి వచ్చినదేమోయని భయపడి వైద్యునికి ఫోను చేసినారు. వైద్యుడు బిడ్డను ఫోను వద్దకు తెమ్మని, దగ్గు విని, అది ఆ వ్యాధి కాదని చెప్పి అందరిని నిద్రపొమ్మన్నాడట. తంతి మీద వచ్చిన తొలి రోగులలో ఒకరు చిన్నబిడ్డ కావడము గమనింపదగినది. 1905లో హాలెండు దేశపు లైడెను నగరమున ఐంతోవెను అను శాస్త్రజ్ఞుడు వైద్యశాలలోని రోగి గుండె విద్యుత్తరంగములను టెలిఫోను తీగ మీద ఒకటిన్నర కిలోమీటరు దూరమున తన ప్రయోగశాలకు రప్పించి నమోదు చేసినాడు. గుండెచిత్రము తీయు పెద్ద యంత్రమును వైద్యశాలకు మోయలేక చేసిన ఏర్పాటు అది.

తరువాత టెలివిజను వచ్చినది. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రమున మనోవైద్యులు 1959లో ఇరువైపుల టెలివిజను ద్వారా రోగులతో మాటలాడి చూచినారు. 1964లో సుమారు 180 కిలోమీటర్ల దూరముననున్న నార్‌ఫోకు వైద్యశాలతో శాశ్వత సంబంధము కల్పించినారు. 1968లో బోస్టనులో కెన్నెతు బర్డు అను వైద్యుడు మసాచుసెట్స్ జనరల్ వైద్యశాలను లోగన్ విమానాశ్రయములోని చికిత్సాలయముతో సూక్ష్మతరంగముల ద్వారా కలిపినాడు. వైద్యుడు ట్రాఫిక్కులో చిక్కుకొని గంటలు పోగొట్టుకొనుట కంటె టెలివిజనులో చూచుట మేలని అతని లెక్క. విమానాశ్రయములో రోగి ప్రక్కన నర్సు ఉండును. వైద్యుడు అడిగినది ఆమె చేసి చూపును. టెలిమెడిసిన్ అను పేరునకు ప్రచారము తెచ్చినవాడును అతడే. అమెరికా అంతరిక్ష సంస్థ 1972 మొదలు అరిజోనా ఎడారిలోని ఆదివాసుల ప్రాంతమునకు, వైద్యసిబ్బందితో తిరుగు బండిని పంపి, దానిని దూరపు వైద్యశాలతో సూక్ష్మతరంగములచే కలిపి చూచినది.

ఈ చరిత్రలో మన చిత్తూరు జిల్లాకును ఒక పుట కలదు. 2000 మార్చిలో అపోలో సంస్థ అరగొండ గ్రామమున నెలకొల్పిన వైద్యశాలను ఉపగ్రహము ద్వారా చెన్నైలోని పెద్ద వైద్యశాలతో కలిపినారు. అప్పుడు మన దేశమునకు వచ్చియున్న అమెరికా అధ్యక్షుడు క్లింటను దానిని ప్రారంభించినాడు. ఆ ప్రయత్నమునకు ముందు నడచిన వైద్యుడు కె. గణపతి మెదడు శస్త్రవైద్యుడు. ఇది యాదృచ్ఛికమని నేననుకొనను. మన దేశమున మెదడు వైద్యులు మహానగరములలోనే గుమిగూడియున్నారు. తలలు పగులునది మాత్రము రోడ్ల మీదను, పొలములలోను, పల్లె బడుల ఆటస్థలములలోను.

రెండు చరిత్రలు కలిసిన చోటు మరల అరిజోనాయే. 2013 ఆటల ఋతువులో మేయో క్లినిక్కు నాడీవైద్యులు, తమకు రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరమున ఫ్లాగ్‌స్టాఫులో జరుగు విశ్వవిద్యాలయ ఫుట్‌బాలు ఆటలలో గీత ప్రక్కన ఒక చక్రముల యంత్రమును నిలిపినారు. దానికి కెమేరా, తెర, మైకు కలవు. ఆటగాడు పడినప్పుడు మైదానములోని వైద్యుడు అతనిని పరీక్షించును. దూరముననున్న నాడీవైద్యుడు యంత్రము ద్వారా వేరుగ పరీక్షించును. పరిశోధన కాలములో తీర్పు మైదానపు వైద్యునిదే. 2017లో ఫలితములు వెలువడినవి. పరీక్షింపబడినవారు కొద్దిమందియే ఐనను, ఆటనుండి తొలగింపవలెనా వద్దా అను విషయమున ఇరువురి అభిప్రాయములును ఒక్కటిగనే ఉండినవి. పత్రికలకు ఆ యంత్రము గొప్ప బొమ్మ యైనది. నాకు మాత్రము దానికంటె, బొమ్మకు అందని ఈ క్రింది ప్రయత్నము మిన్నగ తోచును.

కెనడాలోని మానిటోబా రాష్ట్రమున విన్నిపెగ్ నగరమున పిల్లల కంకషన్ చికిత్సాలయము కలదు. ఉత్తరాన థాంప్సను అను ఊరు సుమారు 760 కిలోమీటర్ల దూరము. దానికి ఇంకను ఉత్తరమున నున్న ఆదివాసి పల్లెలలో కొన్నింటికి ఏడాదిలో చాలభాగము విమానమే దారి. తలకు దెబ్బ తగిలిన పిల్లవానిని, తోడు ఒక పెద్దమనిషిని విమానములో విన్నిపెగ్ పంపి, అరగంట చూపించి, తిరిగి రెండు వారములకు మరల పంపుటకు ఎంత ఖర్చు, తండ్రికి ఎన్ని దినముల కూలి నష్టము! అందుచే అక్కడివారు థాంప్సను వైద్యశాలలో ఒక గదిని ఏర్పరచినారు. పిల్లవాడు, తల్లి, ప్రక్కన శిక్షణ పొందిన నర్సు ఆ గదిలో కూర్చుందురు. తెర మీద విన్నిపెగ్ వైద్యుడు. అతడు చరిత్ర అడిగి, నర్సుచే కనుపాపలు, కండ్ల కదలిక, నడక, నిలుకడ చూపించుకొని, బడికి పోవుటకు అంచెలు నిర్ణయించి, కొన్నాళ్లకు అదే తెర మీద మరల చూచును. ఈ ప్రయత్నపు వివరములు 2019లో వెలువడినవి. పలువురు పిల్లలు విన్నిపెగ్ మొగము చూడకయే కోలుకొని ఆటలకు పోయినారు. ప్రయాణపు ఖర్చు మిగిలినది. 1968లో బోస్టను విమానాశ్రయములో నర్సు నిలిచిన చోటనే థాంప్సను నర్సు నిలిచినది. యాభై ఏండ్లలో తెర మారినది, నర్సు స్థానము మారలేదు.

వైద్యుని తెరమీద కలిసికొనుట ఒక పద్ధతి. రెండు కలయికల నడుమ జరుగుదానిని పట్టుకొనుట మరొకటి. ‘గడచిన వారము ఎట్లున్నది?’ అని అడిగినచో ఏ పిల్లవాడును సరిగ చెప్పలేడు; నేటి స్థితినే వారమంతటికి అంటగట్టును. 2016లో ఫిలడెల్ఫియా పరిశోధకులు పిల్లలకు చేతిలో ఇమిడెడు పరికరము నిచ్చి, రోజుకు పలుమార్లు అది మ్రోగినప్పుడెల్ల అప్పటి తలనొప్పి ఎంత, ఏమి చేయుచున్నావు అని ప్రశ్నించి సమాధానములు చేర్చినారు. వైద్యులు వాడు బాధల పట్టిక ఒకటి కలదు. 2004లో ప్రాగ్ నగరపు సమావేశమునుండి మొదలై పలుమార్లు సవరింపబడినది. 5 మొదలు 12 ఏండ్ల పిల్లలకు 2013లో ప్రత్యేకముగ ఒకటి వచ్చినది. తలనొప్పి, తలతిరుగుడు, వెలుతురు సహింపమి, మందకొడితనము, కోపము వంటివానికి అంకెలు వేయవలెను. ఒకనాటి అంకెకు విలువ స్వల్పము. పదునాలుగు దినముల అంకెలను గీతలుగ గీచినచో ఆ గీతయే ఈ గాయమునకు చిత్రపటము.

2020లో కోవిడ్ మహమ్మారి వచ్చి వైద్యశాలల తలుపులు మూయించినప్పుడు, అంతవరకు పల్లెలకే అనుకొన్న ఈ పద్ధతి మహానగరములలోని పిల్లలకును వచ్చినది. అప్పుడే దీని లోపములును బాగుగ బయటపడినవి. మెడను వ్రేళ్లతో తడవి చూడవలెను. తెర మీద అది సాధ్యము కాదు. కంటి లోపలి పొరను చూచుటకు వీలులేదు. కండ్లు మూసికొని ఒంటికాలిపై నిలువుమన్నప్పుడు పడిపోకుండ పట్టుకొనుటకు ఒక మనిషి ఉండవలెను. వీనికంటె ముఖ్యమైన హద్దు మరొకటి. తలదెబ్బ తగిలిన బిడ్డ మాటిమాటికి వాంతి చేసికొన్నను, తలనొప్పి గంటగంటకు పెరిగినను, లేపిన లేవనంత మగత కమ్మినను, మూర్ఛ వచ్చినను, ఒక కనుపాప పెద్దదైనను, కాలుసేతులలో బలము తగ్గినను, మాట తడబడినను, చెవినుండిగాని ముక్కునుండిగాని నీరు కారినను తెర వద్దకు పోరాదు. 108 పిలిచి వైద్యశాలకు పోవలెను. దూరవైద్యము ప్రమాదము తప్పిన తరువాతి దినములకు సంబంధించినది.

వింత యేమనగా, ఈ చికిత్సకు సాధనమైన తెరయే ఈ రోగమునకు పథ్యము కాదు. 2021లో మసాచుసెట్స్ రాష్ట్రపు వూస్టరు నగరమున 12 మొదలు 25 ఏండ్ల వయసుగల 125 మందిపై జరిగిన పరిశోధనలో, మొదటి 48 గంటలు ఫోను, టెలివిజను, కంప్యూటరు మానినవారి బాధలు సుమారు మూడున్నర రోజులలో తగ్గినవి. మానుకొననివారికి ఎనిమిది రోజులు పట్టినది. 2022లో ఆమ్‌స్టర్‌డాములో కూడిన అంతర్జాతీయ సమావేశమును మొదటి రెండు దినములు తెరలు తగ్గింపుమని, విశ్రాంతి ఒకటి రెండు దినములకు మించనీయవద్దని, తరువాత తేలిక నడకతో మొదలుపెట్టుమని సలహా ఇచ్చినది. కావున ఆ తొలి దినములలో వైద్యునితో ఫోనులో మాటలాడవలసినది తల్లిదండ్రులు. బిడ్డ తెర ముందు కూర్చుండుట తరువాతి మాట.

మన దేశమున 2020 మార్చి 25న ప్రకటింపబడిన దూరవైద్య నిబంధనల ప్రకారము నమోదైన వైద్యుడు వ్రాత, మాట, దృశ్యము అను మూడు మార్గములలోను సలహా ఈయవచ్చును. రోగి మైనరైనచో ప్రక్కన గుర్తింపు తెలిసిన పెద్దవారు ఉండవలెను. 2019లో మొదలైన ఇ-సంజీవని ఏర్పాటులో పల్లె ఆరోగ్యకేంద్రములోని సిబ్బంది రోగి ప్రక్కన కూర్చుండి, దూరముననున్న వైద్యునితో మాటలాడింతురు. థాంప్సను గది ఆకారమునకును దీనికిని భేదము లేదు. లోపించునది, ఆ వైద్యుడు అడుగు ప్రశ్నలకు బడినుండి రావలసిన సమాధానములు.

పిల్లవాడు ఇంటిలో గడుపు దినములు ముగిసి బడికి వచ్చిన తరువాత, వానిని పగటివేళ ఎక్కువగ చూచువారు ఉపాధ్యాయులే. 2013లో అమెరికా పిల్లల వైద్యుల సంఘము ఆటకు తిరిగి పోవుటకు వలెనే చదువునకు తిరిగి వచ్చుటకును అంచెలు కావలెనని వ్రాసినది. ఎన్ని నిమిషములు చదివిన తరువాత తల పట్టుకొనుచున్నాడు? నల్లబల్ల చూచి నోటుపుస్తకములో వ్రాయునప్పుడు, అనగా దూరపు చూపునుండి దగ్గరి చూపునకు మారునప్పుడు, కండ్లు నులుముకొనుచున్నాడా? మధ్యాహ్న భోజనపు గోలలో మూలకు పోవుచున్నాడా? దెబ్బకు ముందు లెక్క ఎంతసేపటిలో చేసెడివాడు, ఇప్పుడెంత? ఇవి వైద్యునికి ఏ యంత్రమును చెప్పజాలని సంగతులు. పూర్తి పూట బడిలో బాధలేక గడపగలిగిన తరువాతనే ఆట మాట. ఆటకు ఆరు మెట్లు ఏర్పరచినారు. తేలిక నడకతో మొదలై అసలు ఆటతో ముగియును. ఢీకొట్టుకొను అవకాశముగల మెట్టునకు వైద్యుని అనుమతి కావలెను. ఒక్కొక్క మెట్టున కనీసము ఒక దినము నిలువవలెను. బాధ తిరుగబెట్టినచో ఒక మెట్టు దిగవలెను. ఏ దినమున ఏ మెట్టు, ఆ సాయంత్రము బాధ అంకె ఎంత అని ఒక కాగితము మీద గళ్లు గీచి నింపి, ఫోనుతో ఫోటో తీసి పంపిన చాలును. దూరముననున్న వైద్యుడు దానిని చూచి మరునాటి మెట్టు ఏదో చెప్పగలడు.